పొద్దున కొలత, సాయంత్రం కొలత: 90 రోజుల కంటి డైరీ

1వ రోజు, ముక్కనుమ మర్నాడు

నెల్లూరు రంగనాయకులపేటలో మా ఇల్లు. ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పదహారేళ్ళుగా డీటీపీ, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చే పని, చేస్తున్నాను. రోజుకు తొమ్మిది గంటలు స్క్రీను ముందే. వయసు 38. కుడి కంటికి మైనస్ 2.50, ఎడమ కంటికి మైనస్ 2.00. ఈ అద్దాలు రెండేళ్ళ కిందట డ్యూటీ అయ్యాక ఒక కళ్ళజోళ్ళ షాపుకు వెళ్తే మిషన్‌లో చూసి ఇచ్చినవి.

సంక్రాంతి దాటిందంటే మాఘమాసం ముహూర్తాలు, శుభలేఖల పని. పోయిన ఏడు ఆ రెండు నెలలూ సాయంత్రం ఆరు కాగానే కణతలు పట్టేసేవి. ఇంటికొచ్చి దీపం వెలుతురు కూడా చూడలేక చీకటి గదిలో పడుకునేవాణ్ణి. ఈసారి అట్లా గడపకూడదని, కంటి వ్యాయామాలు చేస్తూ రోజూ చూపు కొలిచి రాసుకునే ఈ పని మొదలుపెట్టాను.

మా పెదనాన్న కొడుకు ఏళ్ళ కిందట పాండిచ్చేరి అరవిందాశ్రమం వాళ్ళ కంటిచూపు పాఠశాలలో కొన్నాళ్ళు ఉండి వచ్చాడు. కళ్ళకు విశ్రాంతి ఇవ్వడం, చూపు తిప్పడం, అరచేతులతో కళ్ళు మూసుకోవడం అన్నీ చేసి చూపించాడు. వీటి మూలం విలియం బేట్స్ అనే న్యూయార్కు కంటి డాక్టరు. 1860లో పుట్టి 1931లో చనిపోయాడు. చూపు మందగించడానికి కారణం కళ్ళను బిగబట్టి చూడడమేననీ, ఆ బిగువు వదిలిస్తే అద్దాలు అక్కర్లేదనీ 1920లో పుస్తకం వేశాడు. కంటి డాక్టర్లు ఎక్కువమంది అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోరు. ఎవరి మాట నిజమో నా కళ్ళ మీద నేనే కొలిచి చూసుకోవాలనిపించింది.

కొలతకు రెండు పద్ధతులు పెట్టుకున్నాను.

మొదటిది చార్టు. డచ్చి డాక్టరు స్నెల్లెన్ 1862లో తయారుచేసిన లెక్క ఇది. పై అంకె మనం నిలబడే దూరం, కింది అంకె మామూలు చూపున్నవాళ్ళు అదే అక్షరాన్ని చదవగల దూరం; కింది అంకె పెరిగేకొద్దీ చూపు తక్కువని అర్థం. 6 మీటర్ల నుంచి చూసినప్పుడు 6/6 వరసలో అక్షరం ఎత్తు 8.7 మిల్లీమీటర్లు ఉండాలి. 6/12కు దానికి రెట్టింపు, 6/60కి పదింతలు. అక్షరాలు కూర్చడం నా పనే కాబట్టి కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో నేనే చేసుకున్నాను. ముందు తెలుగు అక్షరాలతో చేస్తే కుదరలేదు. ప, ష, వ దూరం నుంచి ఒక్కలాగే ఉంటాయి. ఠ మాత్రం చుక్కతో సహా ఎంత దూరం నుంచైనా పోల్చుకోవచ్చు. అన్నీ సమానంగా కష్టం కాకపోతే చార్టుకు అర్థం లేదు. అందుకని ఇంగ్లీషు ‘ఈ’ అక్షరాన్ని నాలుగు దిక్కులకూ తిప్పిన చార్టు వేసుకున్నాను. ఎవరైనా చేసుకుంటే ఒక జాగ్రత్త: ఫాంటు పాయింట్ల సైజు నమ్మొద్దు. అందులో అక్షరం పైనా కిందా ఖాళీ కూడా కలిసి ఉంటుంది. ప్రింటు తీశాక స్కేలు పెట్టి అక్షరాన్నే కొలవాలి. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు గోడకు చార్టు అంటించి, టేపుతో 6 మీటర్లు కొలిచి సుద్దతో గీత గీశాను.

రెండోది కుట్టుపని టేపు. మైనస్ పవర్ ఉన్న కన్ను అద్దాలు లేకుండా ఒక దూరం వరకే స్పష్టంగా చూస్తుంది. ఆ దూరం సెంటీమీటర్లలో కొలిచి, 100ను దాంతో భాగిస్తే సుమారు పవర్ వస్తుంది. 50 సెంటీమీటర్లయితే మైనస్ 2. టేపు కొసను కంటి పక్కన ఎముకకు ఆనించి, చిన్న అక్షరాల శుభలేఖను మెల్లగా దూరం జరుపుతూ, అంచు చెదిరిన చోట ఆపి చదువుతాను. మూడుసార్లు కొలిచి సగటు తీస్తాను.

ఈ రోజు పొద్దున 7 గంటలకు: కుడి 45, ఎడమ 56. అద్దాలు లేకుండా రెండు కళ్ళతో చార్టు: 6/36.

6వ రోజు

వ్యాయామాలు ఇంకా మొదలుపెట్టలేదు. వారం రోజులు ఊరికే కొలిచి, తర్వాత మొదలుపెడదామని. ఈ ఓపిక ఫలించింది.

పొద్దున కుడి కన్ను 45 దగ్గరే ఉంటోంది, ఒక సెంటీమీటరు అటూ ఇటూ. సాయంత్రం ఏడింటికి ప్రెస్సు నుంచి రాగానే కొలిస్తే 40. ఎడమ కన్ను పొద్దున 56, సాయంత్రం 50. ఆదివారం ప్రెస్సు లేదు, ఆ రోజు సాయంత్రం కూడా 45, 56.

లెక్క కట్టి చూశాను. 100ను 40తో భాగిస్తే 2.50. 100ను 50తో భాగిస్తే 2.00. అచ్చంగా నా అద్దాల పవరే. పొద్దున కొలతకైతే 2.22, 1.79 వస్తున్నాయి. అంటే రోజంతా పని చేసి అలసిన కళ్ళతో షాపుకెళ్ళి పరీక్ష చేయించుకుని, ఆ పవర్‌ను రెండేళ్ళుగా రోజంతా పెట్టుకుంటున్నానా? కాగితం మీద అంకె చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను.

దీనికి కారణం చదివి తెలుసుకున్నాను. కంటి లోపల కటకం చుట్టూ సీలియరీ కండరం ఉంది. దగ్గరి వస్తువును చూడాలంటే అది బిగుసుకుంటుంది, కటకం ఉబ్బుతుంది. గంటల తరబడి దగ్గర చూస్తే ఆ కండరం వెంటనే పూర్తిగా వదలదు. దాంతో దూరపు చూపు కాసేపు ఇంకొంచెం తగ్గుతుంది.

9వ రోజు

ఈ రోజు నుంచి అసలు పని.

పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పది నిమిషాల చొప్పున అరచేతులు రుద్దుకుని, గిన్నెల్లా వంచి కళ్ళ మీద బోర్లిస్తాను. కనుగుడ్డు మీద ఒత్తిడి పడకూడదు, వేళ్ళ సందుల్లోంచి వెలుగు రాకూడదు. మోచేతుల కింద దిండు పెట్టుకోకపోతే మెడ పట్టేస్తుంది. తర్వాత నిలబడి కుడికీ ఎడమకీ ఒళ్ళంతా మెల్లగా ఊగడం. చూపు దేనిమీదా నిలపకుండా దృశ్యాన్ని జారిపోనివ్వాలి.

ప్రెస్సులో ఒక్కో శుభలేఖ ప్రూఫు తీయగానే వెనక తలుపు దగ్గరికి వెళ్ళి వీధి చివర వేపచెట్టు కొమ్మలను ఒక నిమిషం చూడడం. ఇరవై నిమిషాలకు ఒకసారి ఎట్లాగూ ప్రూఫు వస్తుంది కాబట్టి వేరే అలారం అక్కర్లేదు. స్క్రీను చూసేటప్పుడు రెప్పలు పూర్తిగా మూసి తెరవడం. మామూలుగా మనిషి నిమిషానికి పదిహేను, ఇరవైసార్లు రెప్ప వేస్తాడు. స్క్రీను ముందు అది బాగా తగ్గిపోతుంది. నా పక్క సీటు అబ్బాయిని నాకు తెలియకుండా లెక్కపెట్టమన్నాను. నిమిషానికి ఐదు. కళ్ళలో ఇసుక పడ్డట్టు మంట ఎందుకో అర్థమైంది.

రాత్రి అరచేతులు మూసుకుని కూర్చుంటే అమ్మ వచ్చి, “ఏందిరా అబ్బయ్యా, ఎవురన్నా ఏమన్నా అన్నారా?” అని భుజం మీద చెయ్యి వేసింది. విషయం చెప్పాక నా పక్కనే కూర్చుని తనూ చేసింది.

19వ రోజు, రథసప్తమి

బేట్స్ పద్ధతిలో ఎండ చికిత్స కూడా ఉంది. పాత కాలంలో కొందరు కళ్ళు తెరిచి సూర్యుణ్ణి చూడమని కూడా చెప్పేవారు. ఇది నేను చెయ్యలేదు, చెయ్యను. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కంటి వెనక తెర, రెటీనా, మధ్య భాగం కాలుతుంది. కాలేటప్పుడు నొప్పి కూడా తెలియదు. పోయిన చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

పొద్దున మిద్దె మీద జిల్లేడాకులు తల మీద పెట్టుకుని స్నానం చేసి అర్ఘ్యం వదులుతుంటే అమ్మను అడిగాను, సూర్యుణ్ణి చూస్తూ దండం పెట్టాలా అని. “తల వంచి పెట్టాలిరా, ఆయన్ని కళ్ళెత్తి చూసేదానికి మనమెంత” అంది. కళ్ళు మూసుకుని, ఏడు గంటల లేత ఎండకు ముఖం పెట్టి రెండు నిమిషాలు ఉన్నాను. వెచ్చగా హాయిగా ఉంది. కొలతలో తేడా లేదు.

22వ రోజు

జరిగింది రాయాల్సిందే. అద్దాలు వీలైనంత తక్కువ వాడాలని ఈ మధ్య చొక్కా జేబులోనే ఉంచుతున్నాను. సాయంత్రం చీకటి పడే వేళ అలాగే స్కూటర్ నడిపాను. ఆత్మకూరు బస్టాండు దగ్గర రోడ్డు దాటుతున్న పెద్దాయన పంచె తెలుపు కనపడింది కానీ, ఆయన ఎటు నడుస్తున్నాడో తెలియలేదు. బ్రేకు వేసేసరికి చక్రం ఆయన చెప్పును తాకింది. ఆయన ఏమీ అనలేదు. “కనపడలేదా నాయనా?” అని మాత్రం అడిగాడు. రాత్రంతా ఆ మాట చెవుల్లో మోగింది.

నా ప్రయోగానికి ఇంకొకరి ప్రాణం పణంగా పెట్టే హక్కు నాకు లేదు. బండి తాళంచెవి గొలుసుకే కళ్ళజోడు పెట్టె తగిలించాను.

31వ రోజు

చార్టు మీద 6/18 వరస చదివేశాను! ఇంట్లో అందరికీ చెప్పాను. మా అమ్మాయి, తొమ్మిదేళ్ళది, నాలుగో తరగతి, అనుమానంగా చూసి, “నాన్నా, నీకు చార్టు బట్టీ వచ్చేసిందేమో” అంది.

నిజమే. నెల రోజులుగా అదే చార్టు. వెంటనే ఒక్కో సైజుకు ఒక్కో ‘ఈ’ అక్షరం విడి కార్డుల మీద వేసి, అమ్మాయికి ఇచ్చి, ఇష్టమొచ్చినట్టు తిప్పి పట్టుకోమన్నాను. 6/18 కార్డుకు పదిసార్లలో నాలుగే సరిగ్గా చెప్పాను. ఊహించి చెప్పినా రెండు మూడు కుదురుతాయి. 6/24 కార్డుకు మాత్రం పదికి తొమ్మిది. అంటే 6/36 నుంచి 6/24కు నిజంగానే వచ్చింది.

కానీ అదే వేళకు టేపు కొలత 45, 56. అణువంత కూడా మారలేదు. కన్ను మారకుండా చదవడం ఎలా మెరుగుపడింది?

ఒక శుభలేఖ అట్టకు సూదితో బెజ్జం పెట్టి, అందులోంచి చార్టు చూశాను. అద్దాలు లేకుండా 6/9 దాకా వచ్చింది! సన్నటి బెజ్జంలోంచి వచ్చే కిరణాలు పెద్దగా చెదరవు. మిట్టమధ్యాహ్నం వెలుతురులో కంటిపాప చిన్నదైనా, కళ్ళు చికిలించినా కొంత ఇదే జరుగుతుంది. మొదటి రోజు చార్టు చూసింది మంచు పట్టిన పొద్దున, ఈ రోజు చూసింది పదకొండు గంటలకు. ఇదొక కారణం. రెండోది మెదడు. మసకను రోజూ చూస్తూ ఉంటే, మసకలోంచే ఆకారాన్ని పోల్చుకోవడం దానికి అలవాటవుతుంది. ఇది మోసం కాదు, నిజమైన నేర్పే. అయితే అది కంటి పవర్‌ను మార్చే నేర్పు కాదు. ఇక నుంచి చార్టు ఉదయం ఏడింటికే, కార్డులతోనే.

38వ రోజు, ఆదివారం

మైపాడు బీచ్‌కు వెళ్ళాం. అద్దాలు తీసి, నీళ్ళు ఆకాశం కలిసే గీతను చూస్తూ ఊగుతూ ఉన్నాను. ఉన్నట్టుండి దూరంగా పడవ, దాని మీద నిలబడిన ఇద్దరు మనుషులు, వాళ్ళ చేతుల్లో వల తాడు, అన్నీ స్పష్టంగా కనపడ్డాయి. రెండు సెకన్లు. రెప్ప వేయగానే మళ్ళీ మసక.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడో తరగతి నుంచి అద్దాలు లేకుండా అంత దూరం ఏదీ చూడలేదు. ఈ పద్ధతి చేసేవాళ్ళు చాలామంది ఈ మెరుపుల గురించి చెబుతారు, వచ్చాయంటే పూర్తి చూపు దారిలో ఉన్నట్టేనని నమ్ముతారు. వాళ్ళ నమ్మకం ఎక్కణ్ణుంచి పుట్టిందో ఇప్పుడు నాకు తెలుసు. కానీ ఉప్పుగాలికి కళ్ళు చెమర్చి ఉన్నాయి. కంటి మీద నీటి పొర ఒక్క క్షణం సరైన వంపులో నిలబడితే అదే పల్చటి లెన్సులా పనిచేస్తుంది. రెప్ప వేస్తే పోయిందంటే అదే అయ్యుండాలి.

46వ రోజు

ఈ డైరీలో అన్నిటికన్నా కష్టంగా రాస్తున్న పేజీ ఇది.

మా అమ్మాయికి పోయిన ఏడు సైటు వచ్చింది. మైనస్ 1.00. అద్దాలు ఇష్టంగానే పెట్టుకునేది. ఈ రోజు స్కూల్లో టీచరు మా ఆవిడతో చెప్పారట, పాప రెండు వారాలుగా అద్దాలు బ్యాగులోనే పెట్టి, బోర్డు మీది లెక్కలు పక్క పాప పుస్తకంలో చూసి రాసుకుంటోందని. ఇంటికొచ్చాక అడిగితే, “నాన్న కూడా పెట్టుకోడం లేదు కదా. నేను గూడా అరచేతులు పెట్టుకుంటా ఉండా. నాకూ తగ్గిపోద్ది” అంది.

మా ఆవిడ నాతో గొడవ పడలేదు. “మీరు మీ కళ్ళతో ఏం చేసుకున్నా సరేనండీ. దాని సంగతి డాక్టరును అడిగి చెయ్యండి” అంది, అంతే.

51వ రోజు, శనివారం

పొగతోటలో కంటి డాక్టరు దగ్గరికి అమ్మాయీ నేనూ వెళ్ళాం, తోడుగా అమ్మ కూడా వచ్చింది. పొద్దున్నే వెళ్ళాం, కావాలనే. కండరం పూర్తిగా వదిలేలా నాకూ అమ్మాయికీ చుక్కలు వేసి, తర్వాత పరీక్ష చేశారు. చుక్కలు వేసి చూస్తే బిగువు వల్ల వచ్చే దొంగ పవర్ పోయి, అసలు పవర్ మిగులుతుంది.

నాకు: కుడి మైనస్ 2.25, ఎడమ మైనస్ 1.75. మొదటి రోజు పొద్దున టేపు చెప్పిన అంకెలే. అమ్మాయికి రెండు కళ్ళకూ మైనస్ 1.25. అంటే పావు పెరిగింది, ఇది అసలు పవరే.

నేను డైరీ చూపించాను. డాక్టరమ్మ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు, ప్రతి పేజీ చదివారు. “మీ సాయంత్రం కొలత నిజమేనండీ, దాన్ని మీరు మార్చగలరు. పొద్దున కొలత కనుగుడ్డు పొడవు. దాన్ని మార్చలేరు” అన్నారు. పెద్దవాళ్ళ కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు. అది ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పొడవైతే పవర్ రెండున్నర నుంచి మూడు దాకా వచ్చేస్తుంది. కంటి బయటి ఆరు కండరాల్లో రెండు గుడ్డును నొక్కి పొడవు చేస్తాయనీ, దగ్గరి చూపు కుదిరేది అట్లాగేననీ బేట్స్ అన్నాడు, వాటిని వదులు చేస్తే కురచ అవుతుందన్నాడు. అదే అడిగాను. ఆమె పక్క కుర్చీలో ఉన్న మా అమ్మను చూపించారు. అమ్మకు శుక్లాల ఆపరేషన్ చేసి లోపల లెన్సు పెట్టారు. బయటి ఆరు కండరాలూ అట్లాగే ఉన్నాయి. అయినా దగ్గరి అక్షరాలకు అద్దాలు లేనిదే కుదరదు, ఎందుకంటే ఉబ్బే కటకం ఇప్పుడు లేదు. దగ్గరికీ దూరానికీ చూపు సర్దేది లోపలి కటకమేనని ఇంతకన్నా సులువుగా ఎవరు చెప్పగలరు! ఇన్నాళ్ళూ అమ్మ నా ఎదురుగానే ఉన్నా ఆ ఆలోచన రాలేదు.

అమ్మాయి గురించి గట్టిగానే చెప్పారు. పిల్లల కన్ను ఇంకా పెరుగుతూ ఉంటుంది. అద్దాలు తీసేసినా, తక్కువ పవర్ వేసినా ఆ పెరుగుదల ఆగదు, చదువు మాత్రం పోతుంది. పవర్ బాగా పెరిగితే పెద్దయ్యాక రెటీనా జబ్బుల ముప్పు ఎక్కువ. కాబట్టి ఆపాల్సింది పెరుగుదలను. దానికి ఆరుబయట పగటి వెలుతురులో రోజుకు రెండు గంటలు గడపడం మంచిదనీ, పుస్తకం మోచేయంత దూరంలో పట్టుకోవాలనీ, పవర్ తొందరగా పెరుగుతుంటే రాత్రిపూట తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు వాడొచ్చనీ చెప్పారు. ముందు ఆరు నెలలు చూద్దామన్నారు.

వచ్చేటప్పుడు అమ్మాయితో ఆటోలో చెప్పాను, “తప్పు నాదమ్మా. నాకు తెలియకుండా నీకు చూపించా” అని. తను కళ్ళు మసకగా ఉన్నాయంటూ నా భుజం మీద వాలింది.

60వ రోజు

కొత్త అద్దాలు వచ్చాయి. మొదటి రెండు రోజులు దూరం కొంచెం పలచగా అనిపించింది, తర్వాత సర్దుకుంది. స్క్రీను పనికి అద్దాలు తీసి, కుర్చీని నా చూపు అందే దూరానికి జరుపుకుంటున్నాను. కండరానికి పని తక్కువ.

మా ఓనరుకు యాభై దాటింది. అద్దాలు తీసి ప్రూఫు చదువుతారు, తనకు చత్వారం రాలేదంటారు. వచ్చింది. ఆయనది మైనస్ పవర్ కాబట్టి అద్దాలు తీస్తే దగ్గర కనపడుతుంది. నలభై దాటాక అద్దాలు తీసి చదవగలిగి, చూపు బాగైందని నమ్మేవాళ్ళలో చాలామంది సంగతి ఇదే అయ్యుంటుంది.

75వ రోజు

ఉగాదికి ప్రెస్సు రెండు రోజులు మూత. ఆ రెండు రోజులూ సాయంత్రం కొలతలు 45, 56. ఈ రోజు పని మొదలైంది, పదకొండు గంటలు స్క్రీను. విరామాలు ఒక్కటీ మానలేదు. సాయంత్రం కుడి 44, ఎడమ 55. జనవరిలో ఇదే పనికి 40, 50 ఉండేది.

76వ రోజు

పరీక్షకని ఈ రోజు విరామాలు మానేసి చూద్దామనుకున్నాను. మధ్యాహ్నం మూడింటికే కణతలు మొదలయ్యాయి. ఆపేశాను. అప్పటికి కుడి 41.

90వ రోజు

పొద్దున: కుడి 45, ఎడమ 56. చార్టు 6/24. సాయంత్రం: 44, 55. తలనొప్పి వచ్చిన రోజులు మొదటి నెలలో పద్నాలుగు, ఈ నెలలో ఒకటి, అదీ విరామం మానిన రోజు. అరచేతుల విశ్రాంతి, వేపచెట్టు, రెప్పలు ఉంచుకుంటున్నాను. ఎండ, ఊగడం ఆపేశాను. టేపు ఇక ఆదివారాలు మాత్రమే.

సాయంత్రం ఐదింటికే ప్రెస్సు నుంచి రావడానికి ఓనరును ఒప్పించుకున్నాను, బదులుగా పొద్దున గంట ముందు వెళ్తాను. అమ్మాయీ నేనూ రోజూ పెన్న ఒడ్డుకు వెళ్తున్నాం. స్కూలుండే రోజుల్లో గంటకు మించి కుదరడం లేదు, ఆదివారం మూడు గంటలు. ఈ రోజు అక్కణ్ణుంచి రంగనాయకుల గుడి గోపురం చూపిస్తే, కలశాల మీద వాలిన పావురాలను లెక్కపెట్టింది. అద్దాలు పెట్టుకునే. నేనూ పెట్టుకుని లెక్కపెట్టాను. తనకు పదకొండు, నాకు పది. మళ్ళీ చూస్తే పదకొండే.

వినాయక చవితి అయ్యాక తనకు మళ్ళీ చుక్కల పరీక్ష. వంటింట్లో క్యాలెండరు మీద సెప్టెంబరు పేజీ తిప్పి రాసి పెట్టాను.